అంబులెన్స్ ముసలిదైందని ఎట్ల తెలుస్తది? – మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికల లారీ టైర్ల గురించి రాస్తూ, నేను ఇరవై ఏండ్లకు దగ్గరగ అంబులెన్సుల షెడ్డులనే పనిచేసిన అని ఒక మాట అన్న. అదే నా తప్పు. ఈసారి వచ్చిన ఉత్తరాల్ల ముప్పాతిక వంతు అంబులెన్సుల మీదనే ఉన్నయి, టైర్ల గురించి అడిగినోళ్లు ఇద్దరే. సరే, ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్న. తెలియనోళ్ల కోసం ముందే ఒక ముక్క: 108 బండిల డ్రైవర్ ను పైలట్ అంటరు, వెనక పేషెంట్ పక్కన కూసుండి దారిల వైద్యం చూసేటాయన ఈఎంటీ. కింద ఆ మాటలే వాడిన.

అన్నా నమస్తే. మా బండి మీటర్ 3 లక్షల 40 వేలు దాటింది. నెలకు రెండుసార్లన్నా షెడ్డు మొఖం చూస్తది. కొత్తది ఇప్పియ్యుండ్రి అంటే పైవాళ్లు "ఇంజన్ బాగనే ఉంది కదా, ఇంకో రెండేండ్లు లాగుతది" అంటున్నరు. నేను ఏమని చెప్పాలె?
– ఒక అంబులెన్స్ పైలట్, నర్సంపేట

తమ్మీ, "ఇంజన్ బాగనే ఉంది కదా" అనే మాట నా సర్వీసుల ఎన్నిసార్లు విన్ననో లెక్కలేదు. ఇంజన్ బాగుంటది, అబద్ధం కాదు, టైముకు ఆయిల్ మార్చుకుంటూ పోతే డీజిల్ ఇంజన్ నాలుగు లక్షలు కూడా లాగుతది, కానీ పేషెంట్ ను పండుకోబెట్టేది ఇంజన్ మీద కాదు కదా. అంబులెన్సుల ముందుగాల పోయేది ఫ్లోరు, తర్వాత వెనక డోరు, తర్వాత కరెంటు. ఇంజన్ ఆఖరికి.

నువ్వు ఒక పని చెయ్యి. డ్యూటీ దిగినంక స్ట్రెచర్ బయటకు గుంజి, కింద మ్యాట్ అంచు లేపి చూడు. చిన్న స్క్రూడ్రైవర్ తీస్కొని స్ట్రెచర్ లాక్ బోల్టులు దిగిన చోట, వీల్ ఆర్చ్ మూల దగ్గర పొడువు. టక్ మని సప్పుడొస్తే పర్వాలేదు. మెత్తగ లోపలికి దిగితే ఆ రేకు అయిపోయినట్టే. ఎందుకంటే రోజుకు నాలుగైదు సార్లు కడుగుతరు, బ్లీచింగ్ నీళ్లు, రక్తం, వాంతులు, పగిలిన సెలైన్ బాటిల్ నీళ్లు అన్నీ మ్యాట్ సందుల నుంచి కిందికి పోతయి, పోయినయి ఆరవు, సెలైన్ అంటే ఉప్పు నీళ్లే కదా ఇనుమును తినక ఏం చేస్తది. ఆ రేకుకే స్ట్రెచర్ లాక్ బిగించి ఉంటది. పేషెంట్, స్ట్రెచర్ కలిపి వంద కిలోలు దాటుతది, నువ్వు ములుగు రోడ్డు మీద ఎనభైల పోతుంటే బర్రె అడ్డమొచ్చి బ్రేక్ కొట్టినవనుకో, అంత బరువును ఆపేది ఆ నాలుగు బోల్టులే. ఇది ఏ ఇంజన్ రిపోర్టులనూ రాదు.

ఇంక కరెంటు. బండి స్టార్ట్ చేసి ఊరికే నిలబెట్టి, ఏసీ, వెనక లైట్లు, గొంతుల తెమడ గుంజే సక్షన్ మిషన్, గుండె కొట్టుకునుడు చూపే మానిటర్ అన్నీ ఆన్ చేసి బ్యాటరీ దగ్గర మీటర్ పెట్టి చూడుమను. 12 వోల్టుల బండిల 13.8 నుంచి 14.4 మధ్య చూపియ్యాలె. 13 కిందికి జారిందంటే ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపుతలేదు, బ్యాటరీనే అందరికీ పంచుతుంది అని అర్థం. అట్లాంటి బండి రోడ్డు మీద పోయేటప్పుడు మంచిగనే ఉంటది, క్యాజువాలిటీ ముందు ఆపినంకనే సతాయిస్తది.

మీటర్ ను కూడా నమ్మకు. అంబులెన్స్ మీటర్ సగం అబద్ధం చెప్తది. ఆస్పత్రి ముందు ఏసీ నడిపిస్తూ గంటల తరబడి ఇంజన్ ఆన్ లనే ఉంటది, మీటర్ ఒక్క కిలోమీటర్ తిరగదు. ఫ్లీట్ నడిపేటోళ్లు ఒక గంట ఐడ్లింగ్ ను 40, 50 కిలోమీటర్ల అరుగుదల కింద లెక్కేస్తరు. నీ బండి రోజుకు మూడు గంటలు అట్ల నిలబడితే, రోజుకు 120 నుంచి 150 కిలోమీటర్లు మీటర్ కు తెల్వకుండ నడిచినట్టే. గట్ల చూస్తే, బండి ఐదేండ్లదనుకుంటే, నీ 3 లక్షల 40 వేలు నిజానికి ఆరు లక్షలకు దగ్గర పడ్తది.

అయితే ఇవన్నీ నోటితో చెప్తే ఎవరూ ఇనరు, నేను చెప్తే కూడా ఇనలేదు. కాగితం కావాలె. లాగ్ బుక్కుల కిలోమీటర్లు, డీజిల్ రాస్తరు గానీ షెడ్డుల ఉన్న రోజులు ఎవరూ కూడరు. నువ్వు కూడు. పోయిన పన్నెండు నెలల్ల ఎన్ని రోజులు బండి షెడ్డుల ఉంది, ఎన్నిసార్లు కాల్ వచ్చి బండి లేక పక్క మండలం బండిని పంపిండ్రు, ఎన్నిసార్లు పేషెంట్ లోపల ఉండంగ ఆగింది. మూడు లెక్కలు, అంతే. ఉదాహరణకు 41 రోజులు షెడ్డుల ఉందనుకో, అంటే ఏడాదిల నూటికి 11 రోజులు మీ మండలానికి అంబులెన్స్ లేదు అని చెప్పు. "బండి పాతదైంది సార్" అంటే "అందరివీ పాతయే" అంటరు. "నలభై ఒక్క రోజులు బండి లేదు సార్" అంటే సంతకం పెట్టేటాయన పెన్ను కొంచెం ఆగుతది. ఇక మూడో లెక్క, పేషెంట్ లోపల ఉండంగ ఆగుడు, నా దృష్టిల ఏడాదికి రెండుసార్లు అయితే ఆ బండిని ఎమర్జెన్సీ నుంచి పక్కకు తియ్యాల్సిందే, దాని మీద నేను ఎవరితోని బేరం ఆడను.

ఎందుకు ఆడనో చెప్త. ఒక మేడారం జాతర టైంల, పస్రా దాటినంక, రాత్రి పదకొండింటికి, ఎడ్ల బండ్లు బస్సులు కార్లు అన్నీ ఒకదాని ఎనక ఒకటి నిలబడి ఉన్నయి, మా షెడ్డు నుంచి పోయిన బండి ఒకటి ఆ లైన్ల ఇరుక్కుంది. లోపల గుండెనొప్పి మనిషి. గంటసేపు ఐడ్లింగ్, అన్నీ ఆన్. ముందు లైట్లు డిమ్ అయినయి, తర్వాత మానిటర్ ఆరిపోయింది, తర్వాత ఇంజన్ ఆగితే మళ్ల స్టార్ట్ కాలేదు. వెనక ఉన్న కారు డ్రైవర్ కేబుల్ ఏసి జంప్ స్టార్ట్ ఇచ్చిండు. ఆ మనిషి బతికిండు. ఆ ఆల్టర్నేటర్ ను "ఇంకో జాతర దాకా నడుస్తది" అని వారం కిందటనే ఓకే చేసింది నేను.

2023ల సర్కారు ఒకేసారి వందల కొత్త అంబులెన్సులు ఇచ్చింది కదా సార్. పేపర్ల ఫోటోలు చూసినం. ఇంక మళ్ల కొత్త బండ్లు కొత్త బండ్లు అని ఈ గోల ఎందుకు?
– రిటైర్డ్ టీచర్, జనగామ

సార్, మీరు చెప్పింది కరెక్టే. 2023 ఆగస్టు 1న హైదరాబాద్ ల 466 బండ్లకు జెండా ఊపిండ్రు, అందుల 108వి 204, అమ్మ ఒడి 102 బండ్లు 228, పార్థివ వాహనాలు 34. మళ్ల 2024 డిసెంబర్ ల ఇంకో 213 వచ్చినయి. ఎవరిచ్చినా మంచి పనే.

నా బాధ వేరే. ఒకే రోజు జెండా ఊపిన బండ్లన్నీ ఒకే కాలంల ముసలివైతయి. పెండ్లిల ఒకటే తాన్ నుంచి కుట్టించిన బట్టల లెక్క. రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే బండి ఏడాదికి 54 వేల పైచిలుకు, ఆరేండ్లకు 3 లక్షల 28 వేలు. అంటే 2023 ఆగస్టు బండ్లన్నీ 2029 అటుఇటుగా ఒక్కసారే షెడ్ల ముందు లైన్ కడ్తయి. అప్పుడు మళ్ల ఒక్కసారే వందల బండ్లు కొనాలె, డబ్బులు ఒక్కసారే కావాలె, అవి దొరికేదాక రెండేండ్లు ఇప్పుడు నర్సంపేట తమ్ముడు పడుతున్న తిప్పలే అందరూ పడ్తరు.

అదే పది బండ్లు ఉన్న ఊర్ల ఏడాదికి ఒకటో రెండో మార్చుకుంటూ పోతే ఎప్పుడూ రెండు కొత్తయి, రెండు పాతయి, మిగిలినయి నడిమయి ఉంటయి. మెకానిక్ కు కూడా పని సమానంగ ఉంటది. ఇంట్ల బర్లను గూడా మనం గట్లనే సాకుతం కదా, అన్నీ ఒకేసారి ఒట్టిపోకుండ. దీనికి జెండా ఊపే ఫంక్షన్ ఉండదు, ఒక్క బండికి ఎవరు ఊపుతరు, అందుకే గట్ల జరుగుతలేదేమో అని నా అనుమానం.

ఇంకో లెక్క కూడా చూడుండ్రి. జాతీయ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం లక్ష జనాభాకు ఒక మామూలు అంబులెన్స్ అంటే బీఎల్ఎస్, ఐదు లక్షలకు ఒక ఏఎల్ఎస్, అంటే వెంటిలేటర్ లాంటివి ఉన్న పెద్ద బండి. వరంగల్, హన్మకొండ, కాజీపేట, చుట్టు ఊర్లు కలిపి పది లక్షలు అనుకుంటే పది బీఎల్ఎస్, రెండు ఏఎల్ఎస్. పన్నెండు బండ్లల్ల నూటికి పది వంతులు ఎప్పుడూ షెడ్డుల ఉంటే, లెక్కల పన్నెండు, రోడ్డు మీద పదకొండు కూడా ఉండవు. స్పేర్ బండి లేకుండ పన్నెండు అని రాసుకుంటే అది కాగితం మీది పన్నెండే.

మేము పరకాల హైస్కూల్ పాత విద్యార్థులం. మా బ్యాచ్ అంతా చందాలేసి ఊరికి అంబులెన్స్ ఇద్దామనుకుంటున్నం. కొత్తది కొనుడా, సెకండ్ హ్యాండ్ వ్యాన్ తీస్కొని బాడీ కట్టించుడా? ఒకాయన పాత ఓమ్ని అమ్ముతా అంటున్నడు, చాలా సస్త.
– పాత విద్యార్థుల తరఫున ఒకరు

అయ్యా, మీ మనసుకు దండం. కానీ ఓమ్ని వద్దు. అది కంపెనీ 2019లనే ఆపేసింది, అంటే మీరు కొనేది ఎంత కొత్తదైనా పాతదే, పైగా దాంట్ల ఈఎంటీ నడుము లేపి నిలబడలేడు, గుండె మీద ఒత్తుడు అంటే సీపీఆర్ చేయాలంటే మనిషి మీదికి వంగాలె, తల పైన రేకుకు తగుల్తది. మట్టెవాడ గిర్మాజీపేట లాంటి సందుల్లకు చిన్న బండే పోతది, కాదనను, కానీ అది పేషెంట్ ను దాటియ్యడానికి పనికొస్తది, కాపాడడానికి కాదు.

మన దేశంల అంబులెన్స్ అంటే ఎట్ల ఉండాలనో ఒక ప్రమాణం ఉంది, ఏఐఎస్ 125 అంటరు. దాంట్ల నాలుగు రకాలు. ఏ అంటే ముందుగ చేరుకుని ఫస్ట్ ఎయిడ్ చేసేది, బి అంటే నిలకడగ ఉన్న పేషెంట్ ను తీస్కపోయేది, సి అంటే బీఎల్ఎస్, డి అంటే ఏఎల్ఎస్. షోరూంల అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, "ఇది ఏ టైప్ కింద అప్రూవ్ అయింది, కాగితం చూపియ్యుండ్రి" అని. కాగితం లేకుండ లోకల్ ల వ్యాన్ కోసి, సీట్లు పీకి, స్ట్రెచర్ బిగించి, మీద లైటు పెట్టి ఇస్తమంటే చౌకనే అయితది, కానీ ఆ స్ట్రెచర్ బోల్టులు దేనికి బిగించిండ్రో మీకు తెల్వదు, పైన రాసిన స్క్రూడ్రైవర్ కథ మీకూ వర్తిస్తది. ఆర్టీఏల రిజిస్ట్రేషన్ దగ్గర కూడా తిప్పలే. ఇంకో మాట, కంపెనీ నుంచే అన్ని సామాన్లతోని అంబులెన్స్ గా తయారై వచ్చే బండికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మీరు కొటేషన్ అంతకుముందు తీసుకుని ఉంటే మళ్ల తీస్కోండి.

అయితే ఇల్లు అలకంగనే పండుగ కాదు. మీరు బండి గురించే అడిగిండ్రు, మనుషుల గురించి అడగలేదు. 24 గంటలు నడవాలంటే రోజుకు రెండు షిఫ్టులు, ఏడాదికి 730 షిఫ్టులు. ఒక మనిషి లీవులు, ఆఫ్ లు పోంగ ఏడాదికి 300 షిఫ్టులు చేస్తడనుకున్నా ఇద్దరు సరిపోరు, ముగ్గురు పైలట్లు, ముగ్గురు ఈఎంటీలు కావాలె. వాళ్ల జీతాలు, డీజిల్, ఇన్సూరెన్స్, ఆక్సిజన్, టైర్లు ఎవరు ఇస్తరు? మా కండ్ల ముందట ఎన్ని దానం బండ్లు చూసినం, రెండేండ్లు దాతల పేర్లు పెద్దగ రాసుకుని తిరుగుతయి, మూడో ఏడు పంచాయతీ ఆఫీసు ఎనక నిలబడితే వాటిల్ల కోళ్లు గుడ్లు పెడ్తయి. మీకు నా సలహా, జిల్లా ఆరోగ్య అధికారిని కలవుండ్రి, బండి కొని వాళ్లకు అప్పజెప్పే దారి ఉందేమో అడుగుండ్రి. ఎంపీ నిధులల్ల కూడా అంబులెన్స్ కొనవచ్చు, ఓనర్ షిప్ జిల్లా యంత్రాంగానికే ఉంటది, మీ చందా ఇప్పటికే ఉన్న సర్కారు బండికి మానిటర్లకో, గుండెకు కరెంటు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ కో పోతే ఇంకా ఎక్కువ పనికొస్తది. దాని మీద మీ బ్యాచ్ పేరు చిన్న అక్షరాలల్ల వస్తది, అదొక్కటి ఒప్పుకోవాలె మీరు.

సర్కారు బండ్లకు 15 ఏండ్ల రూల్ ఉందంటరు. అంబులెన్స్ కు మినహాయింపు ఉందా?
– మున్సిపల్ ఉద్యోగి, వరంగల్

లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏండ్లు దాటిన సర్కారు బండ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. సెంట్రల్, స్టేట్, మున్సిపాలిటీ, ఆర్టీసీ అన్నీ వస్తయి. దేశ రక్షణ, శాంతిభద్రతల కోసం వాడే ప్రత్యేక వాహనాలకే మినహాయింపు. ప్రైవేట్ అంబులెన్స్ కు ఆ లెక్క లేదు, ఫిట్ నెస్ వస్తే నడుస్తది, ఎనిమిదేండ్ల దాక రెండేండ్లకు ఒకసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్ నెస్ కు పోవాలె. కానీ ఒక్కటి, పదిహేను అనేది చట్టం గీసిన ఆఖరి గీత. దాన్ని చూసి "ఇంకా ఆరేండ్లు ఉంది కదా" అనుకునేటోళ్లు ఉన్నరు. రోజుకు ఇరవై నాలుగు గంటలు తిరిగే బండికి పదిహేనేండ్లు అంటే మనిషికి నూట యాభై.

సార్, పోయిన నెల మా అమ్మను హన్మకొండ నుంచి హైదరాబాద్ కు ఒక ప్రైవేట్ అంబులెన్సుల తీస్కపోయినం. భువనగిరి దగ్గర ఆక్సిజన్ అయిపోయింది. డ్రైవర్ ఎవరికో ఫోన్ చేసి ఇంకో సిలిండర్ తెప్పిచ్చేదాక నలభై నిమిషాలు రోడ్డు మీదనే. అమ్మ ఇప్పుడు బాగనే ఉంది. ఎక్కే ముందు మేం ఏం చూసుకోవాల్సింది?
– ఒక కూతురు, హన్మకొండ

అమ్మా, ముందుగాల అమ్మ బాగున్నందుకు సంతోషం. ఆ నలభై నిమిషాలు మీరు ఎట్ల గడిపిండ్రో నాకు తెలుసు, అందుకే ఇది వివరంగ రాస్తున్న, చదివేటోళ్లందరూ ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోండి.

నల్లటి బాడీకి తెల్లటి మెడ ఉన్నది ఆక్సిజన్ సిలిండర్. బండ్లల్ల ఎక్కువ కనిపించేవి రెండు సైజులు. నడుము ఎత్తుల ఉండేది బి టైప్, నిండుగ ఉంటే దాదాపు 1500 లీటర్లు. ఛాతి ఎత్తు పెద్దది డి టైప్, దాదాపు 7000 లీటర్లు. మెడ దగ్గర గడియారం లాంటి గేజ్ ఉంటది, 150 దగ్గర ముల్లు ఉంటే నిండుగ ఉన్నట్టు. ముల్లు 50 దగ్గర ఉందంటే మూడో వంతే ఉంది.

ఇప్పుడు లెక్క చూడు బిడ్డా. బి టైప్ సిలిండర్, ముల్లు 50 మీద, అంటే 500 లీటర్లు. డాక్టర్ నిమిషానికి 5 లీటర్లు పెట్టమన్నడు. 500 ను 5 తో భాగిస్తే 100 నిమిషాలు. మనకాడి నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు, ఉప్పల్ ట్రాఫిక్ తోని కలిపి మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు, అంటే 180 నిమిషాలు. ఎక్కడ అయిపోతది? భువనగిరి చుట్టుపక్కలనే. మీకు అయింది గదే అయి ఉంటది. నిమిషానికి 10 లీటర్లు అయితే నిండు బి టైప్ కూడా రెండున్నర గంటలే, అది కూడా చాలదు. వెంటిలేటర్ మీద ఉంటే ఇంకా ఎక్కువ తింటది. అందుకే ఎక్కే ముందు డాక్టర్ ను "నిమిషానికి ఎన్ని లీటర్లు" అని అడగాలె, డ్రైవర్ ను గేజ్ చూపియ్యమనాలె, వచ్చిన నిమిషాలు మీ ప్రయాణం టైంకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలె. ఆ టైంల మనకు లెక్కలు చేసే మనసు ఉండదు, తెలుసు, వెంట వచ్చిన బామ్మర్దికో పక్కింటి పిలగానికో ఆ పని చెప్పండి.

సిలిండర్ మెడ మీద టెస్ట్ చేసిన తేదీ కూడా గుద్ది ఉంటది, ఐదేండ్లకు ఒకసారి టెస్ట్ కావాలె. బండి నంబర్ ఎం పరివాహన్ యాప్ ల కొడితే ఫిట్ నెస్ ఎప్పటిదాక ఉందో, అది అంబులెన్స్ గా రిజిస్టర్ అయిందో లేదో కనిపిస్తది. లోపల ఈఎంటీ లేకుండ ఒక్క డ్రైవరే వస్తే ఆ బండి ట్యాక్సీనే, మీద లైటు ఉంటది అంతే. ధర గురించి నేను చెప్పను, ఆస్పత్రి గేటు కాడ ఆ టైంల ఎవరైనా ఎంత అడిగితే అంత ఇస్తరు, అదే వాళ్ల వ్యాపారం.

అంబులెన్స్ ముందట పేరు తిరగేసి ఎందుకు రాస్తరు అంకుల్?
– ఏడో తరగతి, కాజీపేట

ముందు పోయే కారు డ్రైవర్ అద్దంల చూస్తే సక్కగ కనిపించాలని. ఒకసారి కాగితం మీద నీ పేరు తిరగేసి రాసి అద్దంల చూడు. అద్దమే చూడని డ్రైవర్లకు ఏం రాసినా లాభం లేదనుకో. మీ నాన్నకు చెప్పు, అంబులెన్స్ కు దారి ఇయ్యకపోతే పదివేల రూపాయల ఫైన్, ఆరు నెలల దాక జైలు కూడా ఉండొచ్చు.

మాకు కొత్త బండి వచ్చింది, సంతోషమే, కానీ నెల తిరగకముందే డ్యాష్ బోర్డుల ఏదో పసుపు లైటు వెలుగుతుంది, పికప్ పోతుంది. పాత బండే నయం అనిపిస్తుంది అన్నా.
– పైలట్, భూపాలపల్లి

నువ్వు ఒక్కడివే కాదు, ఈ ప్రశ్న తొమ్మిది మంది అడిగిండ్రు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లన్నీ బీఎస్ 6, అంటే పొగ తక్కువ ఇడవాలనే కొత్త రూల్ బండ్లు. డీజిల్ బండ్లల్ల సైలెన్సర్ లైన్ల డీపీఎఫ్ అని ఒక జల్లెడ లాంటిది ఉంటది, మసిని పట్టుకుంటది. పట్టుకున్న మసిని అది కాల్చుకోవాలంటే మస్తు వేడి కావాలె, వేడి రావాలంటే బండి కొంచెం దూరం కొంచెం స్పీడుల నడవాలె. మనం ఏం చేస్తం? స్టాండుల ఏసీ పెట్టుకుని రెండు గంటలు ఐడ్లింగ్, కాల్ వస్తే నాలుగు కిలోమీటర్లు, మళ్ల ఐడ్లింగ్. మసి నిండుతది, లైటు వెలుగుతది. నువ్వు చేయాల్సింది, ఖాళీగ ఉన్నప్పుడు కంట్రోల్ రూంకు చెప్పి ఒక ఇరవై నిమిషాలు హైవే మీద అరవైకి తగ్గకుండ నడుపు, గేర్ కొంచెం తక్కువల పెట్టి. మెల్లమెల్లగ లైటు పోతది. పోకపోతే షెడ్డుకు తీస్కపో, వాళ్లు మిషన్ పెట్టి కాలుస్తరు. లైటు మీద టేప్ అంటించి నడపకు, గట్ల చేసినోళ్లను చూసిన, ఆ జల్లెడ మార్చాలంటే ఎంత అయితదో తెలిస్తే మీ ఆఫీసర్ నిన్నే జల్లెడ పడ్తడు.

యూరియా నీళ్లు, డెఫ్ అంటరు, నీ బండికి ఆ ట్యాంక్ ఉంటే నీలం మూత ఉంటది. దాంట్ల మామూలు నీళ్లు పొయ్యొద్దు, డీజిల్ అసలే పొయ్యొద్దు. అది పూర్తిగ అయిపోతే బండి పికప్ తగ్గించేస్తది, కొన్ని బండ్లు ఆపితే మళ్ల స్టార్ట్ కావు. మహదేవ్ పూర్ అడవి దారిల గట్ల ఆగినవనుకో, ఫోన్ సిగ్నల్ కూడా దొరకదు. పాత బండి నయం అనిపిస్తది, నిజమే, పాత బండి తప్పులు మనకు తెలుసు కదా, కొత్తదాని తప్పులు ఇంకా అలవాటు కాలేదు. రెండు నెలలు ఆగు.

కొత్త బండి వచ్చినంక మా పాత బండిని కాంపౌండుల నిలబెట్టిండ్రు. ఏడాదైంది, టైర్ల నుంచి పిచ్చి చెట్లు మొలుస్తున్నయి. దాన్ని పార్థివ వాహనంగానో, మెడికల్ క్యాంపులకో వాడుకోవచ్చు కదా?
– ఆరోగ్య కేంద్రం ఉద్యోగి, ములుగు

వాడుకోవచ్చు, ఎమర్జెన్సీకి పనికిరాని బండి అన్నిటికీ పనికిరానిది కాదు. పార్థివ వాహనానికి సైరన్ అక్కర్లేదు, మానిటర్ కరెంటు అక్కర్లేదు, ఎనభై స్పీడు అక్కర్లేదు, ఫ్లోరు, బ్రేకులు బాగుంటే చాలు. మన దగ్గర చనిపోయినోళ్లను ఊరికి తీస్కపోవడానికి పేదోళ్లు పడే తిప్పలు మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ పదిహేనేండ్లు దాటకుండ ఉండాలె, ఫిట్ నెస్ రావాలె, ఆర్సీల మార్పు రాయించాలె. మీద లైట్లు, సైరన్, 108 స్టిక్కర్లు అన్నీ తీసెయ్యాలె, లేకపోతే జనం ఆగి పేషెంట్ ను ఎక్కిస్తరు. ఒకసారి గట్ల అయింది, పాపం ఆ డ్రైవర్ కు ఏం చెప్పాలో తెల్వక కాళ్లు చేతులు ఆడలే.

ఏడాది నిలబెట్టిన బండి గురించి అయితే ఆశ తక్కువ పెట్టుకోండి. బ్యాటరీ సచ్చి ఉంటది, టైర్లు ఒక్క దిక్కు చదునైతయి, బ్రేకులు జామ్, ఎలుకలు వైర్లు కొరికి ఉంటయి. కొత్తది వచ్చిన నెలలనే నిర్ణయం తీసుకుని ఉంటే దానికి ఇంకో నాలుగేండ్ల పని ఉండేది. ఇప్పుడు రిపేర్ ఖర్చు రాయించి చూడుండ్రి, ఎక్కువైతే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్ కే పంపుండ్రి, పంపినట్టు సర్టిఫికెట్ ఇస్తరు, ఫైల్ల పెట్టుకోవాలె. స్ట్రెచర్, సక్షన్, సిలిండర్లు లిస్టు రాసి స్టోర్ కు తిరిగి ఇయ్యాలె, సిలిండర్లు టెస్ట్ తేదీ దాటినయి ఉంటే వేరే పెట్టాలె.

ఇంకొకటి. పాత బండ్లు విప్పేటప్పుడు ఈఎంటీ సీటు కింద, ఫ్లోరు పట్టీ సందుల నాకు ఎప్పుడూ దొరికేవి వాడిన సూదులు, పగిలిన ఆంప్యూల్ ముక్కలు, ఒకసారి ఒక పసిపిల్ల వెండి మువ్వ దొరికింది, రెండు నెలలు షెడ్డు టేబుల్ మీదనే పెట్టినం, ఎవరూ రాలేదు. స్క్రాపుల విప్పే పిలగాండ్లు ఉత్త చేతులతోని విప్పుతరు. తాళాలు ఇచ్చే ముందట గట్టి గ్లౌజులు తొడుక్కుని, టార్చ్ లైట్ పట్టుకుని సీట్ల కింద, స్ట్రెచర్ పట్టాల సందుల ఒకసారి మొత్తం చూసి ఇయ్యుండ్రి.